అదే, అలాంటిదే

చీమకుర్తి క్వారీలో పేలుడుకు ముందు
సైరన్ మూడుసార్లు మోగుతుంది.
మూడోదానికి నా బల్లమీద టీ గ్లాసు వణుకుతుంది.
పాత కంటైనరుకి కిటికీ కోసి
ఆఫీసన్నారు, అందులో నేను.

చదరపు బ్రాకెట్ల దొడ్డి,
లోపల మీసాల బ్రాకెట్లు పెట్టుకున్న కూలీలు,
ఒక్కొక్కరికీ పేరు, ఊరు, పని.
పగటి గుమస్తా ఎక్కించినవాణ్ణే
రాత్రి గుమస్తా మళ్లీ ఎక్కిస్తాడు,
ఒక్క మనిషికి రెండు కూలీలు పోతున్నాయని
మేనేజరు కోటిరెడ్డి గోల.
"కొత్త పేరు చేర్చే ముందు చూడమ్మా,
ఉన్నాడా, లేడా. అంతే కదా."

అంతే కదా.
ఇంక్లూడ్స్ అని ఒక్క మాటతో అడిగాను.
లేడంది.
కళ్లముందే ఉన్నాడు, మూడో వరసలో,
అదే పేరు, అదే ఊరు, అదే పని.
మళ్లీ అడిగాను. ఫాల్స్.
ఇండెక్స్ఆఫ్‌ని పిలిస్తే
మైనస్ ఒకటని చెయ్యి తిప్పింది.

మధ్యాహ్నందాకా తిట్టుకున్నాక తెలిసింది దాని చాదస్తం.
అది పేరు చదవదు, ఊరు చదవదు,
మెమరీలో ఎక్కడ కూర్చున్నాడో
ఆ చోటొక్కటే చూస్తుంది.
అచ్చం అలాంటివాణ్ణి తెచ్చి నిలబెట్టినా
అలాంటివాడే, అతను కాదు, అంటుంది.

యార్డులో నంబర్లు రాసే ఖాశింపీరాకి చెబితే
పెయింటు డబ్బా కింద పెట్టి
రెండు గెలాక్సీ దిమ్మెల మధ్యకి తీసుకెళ్లాడు.
అదే నలుపు, అదే బంగారు రవ్వ,
టేపు పెడితే అంగుళం తేడా లేదు.
"రెండూ ఒకటేనా?"
"ఒకటే మాదిరి."
"మాదిరి అన్నావు గదా, ఇంకేంది.
ఒకదాన్ని లారీకెక్కిస్తే
రెండోది ఈడనే ఉంటది."

రాయికి తొందర లేదు, నాకుంది.
సమ్ అని ఇంకో మాట ఉంది,
ఒక్కొక్కరి ముందూ ఆగి, నేను చెప్పినట్టు పోల్చి
ఒక్కడు కుదిరినా ఉన్నాడంటుంది.
పేరుకి పేరు, ఊరుకి ఊరు, పనికి పని,
నడుమ మూడేసి సమానం గుర్తులు.
మూడు గీతలు చూస్తే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది.
పదకొండు జంటలు దొరికాయి.
పదకొండుగుర్ని చెరిపాను.
కోటిరెడ్డి బాదంపాలు తెప్పించాడు.

శనివారం సాయంత్రం, కూలి వేళ,
కిటికీ అవతల కనుబొమ్మలదాకా రాతిపొడితో ఒకతను.
మేడికొండ హజరత్తయ్య, బూదవాడ, డ్రిల్లు.
ఇచ్చేశాం కదా, అని గుమస్తా పట్టీ తిప్పాడు.
సంతకం ఉంది.
"ఇది మా చిన్నాయన కొడుకుది.
నాకు సంతకం రాదు, వేలిముద్ర.
తాత పేరు ఇద్దరికీ పెట్టారు గదమ్మా.
ఇంట్లో వాడు చిన్నోడు, నేను పెద్దోణ్ణి."

చిన్నోడు, పెద్దోడు.
నా పట్టీలో ఆ గడి లేదు.

అరుస్తాడనుకున్నాను.
"వచ్చానని రాయమ్మా," అన్నాడు.
"వచ్చాను గదా."

మిగతా పది జంటల్నీ పిలిపించి అడిగాను.
తొమ్మిది నిజంగానే ఒక్కొక్క మనిషి.
పదోది ఇప్పటికీ తెలియదు.
వాళ్లిద్దరో, ఆ ఒక్కడో,
బల్లికురవ వైపు పనికి పోయారు.

సోమవారం ఇత్తడి బిళ్లలు వచ్చాయి.
పెద్దోడికి నలభై ఒకటి, చిన్నోడికి నలభై రెండు.
ఇప్పుడు సమ్‌ని నంబరొక్కటే అడుగుతాను, తడబడదు.
ఖాశింపీరా బిళ్లని అటూ ఇటూ తిప్పి
"రాళ్లకేసినట్టే ఏశావే" అన్నాడు.
మెచ్చుకున్నాడో లేదో అడగలేదు.

రెండో సైరన్‌కీ మూడోదానికీ మధ్య
మేస్త్రీ గుంతలోకి వంగి
పేరు పేరునా పిలుస్తాడు.
ఇన్నాళ్లూ అది నాకు ఉత్త గోలే.
హజరత్తయ్యా, అంటే
కింద నుంచి ఒక గొంతు పలుకుతుంది.
ఆయన చెయ్యెత్తి ఆపుతాడు.
రెండోది కూడా పలికేదాకా
బటన్ మీద ఎవరూ వేలు పెట్టరు.